నాలుగో నంబరు లేత్

జూన్ 2

అత్తా,

నిన్న సాయంత్రం వీధి చివరి మందుల షాపు నుంచి నీకు ఫోన్ చేశాను కదా. "మీ యూనివర్సిటీలో సీటొచ్చింది, చేరమంటావా" అని అడిగితే "ఇక్కడా రెండు రోజుల్నుంచి వానే" అన్నావు. గట్టిగా మళ్లీ అడిగాను. "వదిన మోకాళ్లు ఎలా ఉన్నాయి" అన్నావు. నా వెనక ఇద్దరు ఫోన్ కోసం నిలబడి ఉన్నారు, షాపాయన గడియారం చూస్తున్నాడు. పెట్టేశాను. లైను బాగాలేదేమో. ఇక ఉత్తరమే గతి.

సంగతేమిటంటే నాకు రెండు చోట్ల ఇంజినీరింగ్ సీటొచ్చింది. రెండూ మెకానికలే. ఒకటి మీ ప్రభుత్వ యూనివర్సిటీ. ఇంకోటి మా ఊరి బయట అయిదేళ్ల కిందట పెట్టిన ప్రైవేటు యూనివర్సిటీ. వీళ్లు ఈ నెల ఇరవై అయిదు లోపల చేరమంటున్నారు. మీవాళ్లు జులై పది దాకా ఆగుతారు.

మొన్న ఆదివారం నాన్నా నేనూ ప్రైవేటుది చూడ్డానికి వెళ్లాం. అంతా అద్దాలే. ఒకావిడ మమ్మల్ని గది గదికీ తిప్పింది. చదువవగానే అందరికీ ఉద్యోగాలేనట. గోడ నిండా నవ్వుతున్న ఫొటోలు. వర్క్‌షాపు తలుపు బయటి నుంచే చూపించింది, తాళంచెవి ఎవరి దగ్గరో ఉందట. నాన్న లిఫ్ట్ మెకానిక్ అని ఆవిడకి తెలీదు. నాలుగో అంతస్తులో లిఫ్ట్ ఆగగానే నాన్న బూటు ముందుకీ వెనక్కీ జరిపి చూశాడు. గడపకీ నేలకీ గోరంత తేడా కూడా లేదు. "లిఫ్ట్ మాత్రం బాగుంది" అన్నాడు.

అమ్మకి ప్రైవేటుదే ఇష్టం, రోజూ ఇంటికొస్తానని. ఫీజు ఎక్కువే కానీ బ్యాంకు వాళ్లు అప్పిస్తారట. నాన్ననడిగితే "మీ అత్తనడుగు" అంటాడు. అవును కదా, ఇరవై రెండేళ్లుగా అక్కడ మెషిన్ షాపులో పిల్లలకి పని నేర్పుతున్నదానివి, నీకంటే ఎవరికి తెలుసు? నువ్వు ఏదంటే అదే.

నీ మేనకోడలు

*

జూన్ 8

నిక్కచ్చమ్మా,

ఉత్తరం అందింది. రెండు సీట్లొచ్చాయంటే సంతోషంగా ఉంది. చిన్నప్పుడు లెక్కలో అరమార్కు తగ్గిస్తే టీచరు వెంటపడి మరీ వేయించుకునేదానివి, నీకా పేరు ఊరికే పెట్టలేదు నేను.

అక్కడే చేరు. ప్రైవేటులో. ఇక్కడికి రావద్దు.

ఇక్కడ వాన తగ్గింది. మెషిన్ షాపు కప్పు మూడు చోట్ల కారుతోంది. బకెట్లు పెట్టాం. క్వార్టర్స్‌లో కొళాయి పట్టు వదిలేసింది, గుడ్డ చుట్టి లాక్కొస్తున్నాను. వదినని మెట్లెక్కడం తగ్గించమను. మీ నాన్న పని మీదకి వెళ్లేటప్పుడు బెల్టు కట్టుకుంటున్నాడో లేదో అడుగు, నేనడిగితే కట్టుకుంటున్నాననే అంటాడు.

తొందరపడి రాయడం లేదు. ఆలోచించే రాస్తున్నాను. ఫోన్ చేయకు, ఖర్చు దండగ.

అత్త

*

జూన్ 12

అత్తా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అందులో కప్పు గురించి ఉంది, కొళాయి గురించి ఉంది. నాలుగేళ్ల నా చదువు గురించి రెండు ముక్కలు. ఎందుకు రావద్దో ఒక్క ముక్క కూడా లేదు.

నాకు పదమూడేళ్లప్పుడు వేసవి సెలవుల్లో పది రోజులు నన్ను నీ షాపులో కూర్చోబెట్టుకున్నావు. నా తల వెంట్రుక పీకి మైక్రోమీటరుతో దాని మందం కొలిపించావు. "చూశావా, నీ వెంట్రుక కూడా లెక్కలోకొస్తుంది" అన్నావు. మెకానికల్ చదవాలని నాకు పట్టుకున్నది ఆ రోజే. ఇప్పుడు నువ్వే రావద్దంటే ఎలా అనుకోవాలి?

అమ్మ అంటుంది, "మీ అత్త ఒంటరిగా బతకడానికి అలవాటు పడింది, నువ్వెళ్తే ఇంట్లో పెట్టుకోవాలి, ఆవిడకి కుదరదేమో" అని. నేను హాస్టల్లో ఉంటాను. నీ గుమ్మం కూడా తొక్కను.

నాన్న మాత్రం నీ ఉత్తరం చదివి మడిచి నాకిచ్చేశాడు. తర్వాత "దానికింకా గుర్తుంది" అన్నాడు. ఏమిటని పట్టుబడితే చెప్పాడు. నీకూ అదే యూనివర్సిటీలో ఇంజినీరింగ్ సీటొచ్చిందట. తాతయ్య పోయిన ఏడాది. నాన్నే వద్దన్నాడట. రెండేళ్ల ట్రేడ్ కోర్సులో చేర్చాడట, త్వరగా జీతమొస్తుందని. ఇన్నేళ్లూ మీ ఇద్దరిలో ఒక్కరూ నాకు చెప్పలేదు.

అడుగుతున్నాను, తప్పయితే తప్పే. నీకు దక్కని బెంచీలో నేను కూర్చోవడం నీకు కష్టంగా ఉందా? ఫోన్లో కూడా అందుకేనా నేను ఒకటి అడిగితే నువ్వు ఇంకోటి చెప్పావు?

నీ మేనకోడలు

*

జూన్ 17

నిక్కచ్చమ్మా,

నువ్వడిగినదానికి రెండు రోజులు ఏమీ రాయబుద్ధి కాలేదు. కోపమొచ్చింది. ఇప్పుడు లేదు.

నాన్న పోయినప్పుడు మీ నాన్నకి ఇరవై మూడు, నాకు పద్దెనిమిది. ఇంట్లో మంచం పట్టిన మీ నాయనమ్మ. సీటు కాగితం చేత్తో పట్టుకుని నేను ఏడుస్తుంటే మీ నాన్న నా మొహం చూడలేక గోడ వైపు తిరిగి "రెండేళ్ల కోర్సులో చేరు" అన్నాడు. నాలుగేళ్లు ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు. ఆ తర్వాత అదే యూనివర్సిటీలో ఇన్‌స్ట్రక్టర్‌గా ఉద్యోగమొచ్చింది. నేను చదవలేని చోటే ఇంజినీర్లయ్యేవాళ్లకి ఇనుము కోయడం నేర్పాను. కోపం అలాగే ఉంటే ఆయన కూతురికి మైక్రోమీటరు పట్టుకోవడం నేర్పి ఉండేదాన్నా?

రావద్దనడానికి కారణం వేరు. ఎవరికీ రాయలేదు, నీకు రాస్తున్నాను.

ఫిబ్రవరి పదకొండున షాపులో ప్రమాదం జరిగింది. మూడో సంవత్సరం అమ్మాయి. మంచి పనిమంతురాలు. చదువులో ముందు వరసలో ఉంటుందని కాదు, చేతిలో పని ఉంది. నాలుగో నంబరు లేత్ మీద ఇనుము కోస్తోంది. యూనివర్సిటీ ఇచ్చే ఖాకీ కోట్లన్నీ మగపిల్లల కొలతే. చెయ్యి పొడుగు. మడిచింది, పని మధ్యలో మడత జారింది. తిరుగుతున్న జాబ్, మిషన్‌కి బిగించిన ఆ ఇనుప ముక్క, బట్టని పట్టుకుంది. ఎర్ర బటన్ నొక్కితే మిషన్ ఆగాలి. నాలుగో నంబరుకి ఒకసారి నొక్కితే ఆగదు, రెండోసారి కూడా నొక్కాలి. రెండోసారి నొక్కే వ్యవధి ఆమెకి లేదు. కుడిచేతికి చివరి రెండు వేళ్లు పోయాయి.

ఆ బటన్ గురించి నేను మూడేళ్లలో మూడుసార్లు రాసిచ్చాను. కోట్ల గురించి ఒకసారి. నకళ్లు నా దగ్గరున్నాయి. "నిధులు రాగానే" అని జవాబు.

ఇక్కడి మిషన్లు నా వయసువి. అక్కడ అంతా కొత్తది. నీ పది వేళ్లూ నీకుండాలి. ఇంతకంటే నాకేం వద్దు.

అత్త

*

జూన్ 20

అత్తా,

ముందు క్షమించు. ఆ బెంచీ మాట రాసినందుకు. పోస్టు డబ్బాలో వేసి వెనక్కి తిరిగానో లేదో తీసేసుకుంటే బాగుండనిపించింది.

ఆ అమ్మాయి గురించి చదివి అమ్మ వంట ఆపి కూర్చుంది. "ప్రైవేటే" అంది. నాన్న ఫారం తెచ్చి నా పేరూ తన పేరూ రాశాడు. సంతకం దగ్గర ఆగాడు. "ఒకసారి ఆ వర్క్‌షాపు తలుపు తెరిపించుకుని చూసి రా" అన్నాడు.

ఒక్కదాన్నే వెళ్లాను. ఆఫీసుకి పోకుండా క్యాంటీన్లో కూర్చుని, మెకానికల్ మూడో సంవత్సరం వాళ్లెవరని అడిగాను. ఒకమ్మాయి దొరికింది. కలుపుగోలు మనిషి. తనే తీసుకెళ్లింది, ఆ రోజు తలుపు తీసే ఉంది.

అత్తా, ఇరవై లేత్‌లు. నీ షాపులో ఉన్నవాటికి రెట్టింపు. అద్దంలా ఉన్నాయి. చాలావాటికి వచ్చినప్పటి ప్లాస్టిక్ కవర్ ఇంకా తీయలేదు. నేల మీద పసుపు గీత ఉంది. పిల్లలు ఆ గీతకి ఇవతల నిలబడతారట, ఒకాయన అవతల చేసి చూపిస్తాడట. "మీరెప్పుడు చేస్తారు" అన్నాను. "రికార్డులో బొమ్మ వేస్తాం కదా" అంది. మూడేళ్లలో తను ఒక్క బోల్టు కూడా తిప్పలేదట. అది తప్పని తనకి అనిపించడం లేదు, అదే నాకు భయమేసింది. తనిఖీకి పైవాళ్లు వచ్చే వారం మాత్రం కవర్లు తీసి నూనె రాస్తారట, అప్పుడు ఎక్కడెక్కడి నుంచో కొత్త మేడమ్‌లు కూడా వస్తారట.

అక్కడ నా వేళ్లకి ఏమీ కాదు, నిజమే. వాటితో చేసే పనే లేదు.

ఇంటికొచ్చి నాన్నకి చెప్పాను. ఆయన నీ ఉత్తరం మళ్లీ తీసి చదివాడు. నాకూ అప్పుడే ఒక సందేహం వచ్చింది. బటన్ పనిచేయలేదు, సరే. గోడ మీద మెయిన్ స్విచ్ ఉంటుంది కదా. ఆ వేసవిలో షాపులో అడుగు పెట్టగానే నువ్వు నాకు మొదట చూపించింది అదే. నీ బల్ల పక్కనే, చెయ్యి చాపితే అందేంత దూరం. ఆ అమ్మాయి అరిచినప్పుడు నువ్వెక్కడున్నావు? బయటికెళ్లావా? ఎవరూ లేకుండా పిల్లల్ని మిషన్ మీద ఉంచవని తెలిసి అడుగుతున్నాను.

నీ నిక్కచ్చి

*

జూన్ 24

తల్లీ,

విచారణ కమిటీలో అయిదుగురున్నారు. నాలుగు నెలలైంది. నువ్వడిగిన ప్రశ్న వాళ్లలో ఒక్కరూ అడగలేదు.

నేను అక్కడే ఉన్నాను. నా బల్ల దగ్గరే. పదిహేను అడుగుల దూరంలో, అటు వైపు వీపు పెట్టి హాజరు రాస్తున్నాను. ఆ అమ్మాయి అరిచింది. పక్క మిషన్ వాళ్లూ అరిచారు. నాకు వినపడలేదు.

ఆరేళ్ల నుంచి తగ్గుతోంది. ఇరవై రెండేళ్లు ఆ చప్పుడులో ఉంటే తగ్గదా మరి. నా ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదాలు చూసి అర్థం చేసుకుంటాను. వీపు వెనక మాట నాకు లేనట్టే. ఫోన్లో నువ్వు ఏమడిగావో నాకు తెలీదు తల్లీ. వానాకాలం కదా, వాన గురించి అడిగి ఉంటావనుకున్నాను.

ఆ రోజు ఒక పిల్ల పరిగెత్తుకొచ్చి నా భుజం మీద నుంచి చెయ్యి చాపి స్విచ్ లాగేసింది. నేను వెనక్కి తిరిగింది కాళ్ల కింద అదురు ఆగిపోయినందుకు. అప్పటికే అంతా అయిపోయింది.

ఎవరికీ చెప్పలేదు. చెవులు వినపడనిదాన్ని షాపులో ఉంచరు. ఉద్యోగం పోతే క్వార్టర్స్ పోతుంది, నలభై నాలుగేళ్ల వయసులో నాకు ఇంకే పని ఇస్తారు? "ఇన్‌స్ట్రక్టర్ వెంటనే స్పందించారా" అని కాగితం మీద ఉంటే అవునని టిక్కు పెట్టాను. చేత్తో పెట్టిన ఆ టిక్కు నాకిప్పటికీ కనపడుతోంది.

జులై మూడున ఆఖరి సమావేశం. "విద్యార్థిని కోటు చెయ్యి సరిగా మడవనందువల్ల" అని రాయబోతున్నారట. క్లర్కు చెప్పాడు.

నిన్ను రావద్దన్నది మిషన్లు పాతవని కాదు. అక్కడ నేనున్నానని. నువ్వరిస్తే నాకు వినపడదని.

ఇది చేరేసరికి నువ్వు అక్కడ చేరిపోయి ఉంటావు. మంచిదే. ఈ సంగతి ఎవరికీ చెప్పకు. మీ నాన్నకి అసలు చెప్పకు.

అత్త

*

జూన్ 28

అత్తా,

నువ్వు చెప్పొద్దన్నావు. నేను చెప్పాను.

చెప్పకుండా ఉందామనే అనుకున్నాను. ఉత్తరం మడిచి పుస్తకంలో పెట్టాను. అన్నం దగ్గర నాన్న "మీ అత్త ఏం రాసింది" అన్నాడు. "బాగానే ఉందట" అన్నాను. ఆయన నా మొహంలోకి చూసి ముద్ద కింద పెట్టేశాడు. తెచ్చిచ్చాను.

రెండుసార్లు చదివాడు. చేతులు కడుక్కున్నాడు. "దాన్ని ఆ చప్పుడులోకి పంపింది నేనే" అన్నాడు. అమ్మ ఏదో సర్దిచెప్పబోతే "నువ్వుండు" అన్నాడు. ఆయన అమ్మతో అలా అనడం నేనెప్పుడూ వినలేదు. ఇవాళ పొద్దున సెలవు పెట్టి, పనిముట్ల సంచీ భుజాన వేసుకుని మీ ఊరి బస్సెక్కాడు. సంచీ ఎందుకని అడిగితే "కొళాయి పట్టు వదిలిందని రాసింది కదా" అన్నాడు. ఈ ఉత్తరం కంటే ముందే నీ గుమ్మంలో ఉంటాడు. నా మీద కోపమొస్తే రానీ.

ప్రైవేటులో చేరలేదు. ఇరవై అయిదు దాటిపోయింది. మర్నాడు మందుల షాపాయన కేకేశాడు, వాళ్లే ఫోన్ చేశారు, మా కోసం జులై పది దాకా పొడిగించారట. ఆ ఆదివారం మమ్మల్ని తిప్పుతూ సీట్లు అయిపోతున్నాయని చెప్పినావిడ గొంతే.

నువ్వు ఏం చేయాలో చెప్పే వయసు నాకు లేదు. ఉద్యోగం లేకపోతే ఎలా ఉంటుందో కూడా నాకు తెలీదు. ఒకటే అడుగుతాను. ఆ అమ్మాయి ఇప్పుడెక్కడుంది? తప్పంతా తనదే అనుకుంటోందా?

నీ మేనకోడలు

*

జులై 5

నిక్కచ్చమ్మా,

కోపం రాలేదు. గుమ్మంలో మీ నాన్నని చూడగానే నువ్వు చెప్పేశావని తెలిసింది.

ఆయన లోపలికొచ్చి కొళాయి విప్పాడు. వాషర్ మార్చాడు. తర్వాత పంఖా చూశాడు. బిగించడానికి ఇంకేమీ మిగల్లేదని తేలాక నా ఎదురుగా కుర్చీ వేసుకుని, నెమ్మదిగా, పెదాలు బాగా కదిలిస్తూ, "నన్నొకసారి తిట్టు చెల్లీ" అన్నాడు. "ఇరవై ఆరేళ్లు ఆలస్యంగా వచ్చావు" అన్నాను. ఇద్దరం ఏడ్చాం. నీకు చెప్పొద్దన్నాడు, కానీ ఈ ఇంట్లో చెప్పొద్దన్న మాట ఎవరు వింటున్నారు గనక.

కమిటీ ముందుకి ఇద్దరం వెళ్లాం. వాళ్లడిగింది మీ నాన్న కాగితం మీద రాసి చూపించాడు, నేను జవాబు చెప్పాను. ఎప్పట్నుంచి వినపడదు అన్నారు. చెప్పాను. ఇన్నాళ్లూ ఎందుకు దాచారు అన్నారు. "ఉద్యోగం పోతుందని" అన్నాను. వేరే జవాబు లేదు కదా. అప్పుడొకాయన, అయితే తప్పంతా ఇన్‌స్ట్రక్టర్‌దే అని రాసేసి ముగిద్దామన్నాడు. నా నకళ్లు బల్ల మీద పెట్టాను, బటన్ గురించి మూడూ, కోట్ల గురించి ఒకటీ. నాది ఎంతో అంతే రాయండి, మిగతాది ఎవరిదో వాళ్లకి రాయండి అన్నాను. మీ నాన్నని మాట్లాడొద్దన్నారు, బయటి మనిషని. ఆయన లేచి "నేను లిఫ్ట్ మెకానిక్‌ని సార్. ఆగమన్నప్పుడు ఆగని లిఫ్ట్‌ని నడవనిస్తే మమ్మల్ని జైల్లో పెడతారు" అని కూర్చున్నాడు. ఆయన ఏమన్నాడో తర్వాత రాసి చూపించాడు.

నన్ను షాపు నుంచి తీసేసి పనిముట్ల స్టోర్స్‌కి మార్చారు. రెండేళ్లు జీతం పెరగదు. క్వార్టర్స్ ఉంచారు. నాలుగో నంబరుకి సీలు వేశారు, అన్ని మిషన్లకీ బటన్లు మారుస్తారట. కోట్లు మూడు కొలతల్లో కుట్టించడానికి ఆర్డరిచ్చారట, వచ్చినప్పుడు చూద్దాం. కోటు చెయ్యి వాక్యం కొట్టేశారు.

నువ్వడిగావు కదా, ఆ అమ్మాయి దగ్గరికి మర్నాడు వెళ్లాను. హాస్టల్ వరండాలో బట్టలు ఆరేస్తోంది. క్లిప్పులు ఎడమచేత్తో పెడుతోంది. అంతా చెప్పాను. నా మొహం చూస్తూ విని, నాకు అర్థం కావాలని మాట మాట విడదీసి అంది. "మేడమ్, మా అమ్మ అయిదు నెలల నుంచి నన్ను తిడుతోంది. చెయ్యి మడుచుకోవడం కూడా రాదా అని. మీరిది ఫిబ్రవరిలో చెప్పి ఉంటే నాకు ఆ తిట్లు ఉండేవి కాదు." అంతే అంది. మిగతా బట్టలు ఆరేసుకుంది. నేను వచ్చేశాను. క్షమించమని అడగలేదు.

ఇక నీ సంగతి. ఈసారి ఉన్నదున్నట్టు రాస్తాను. ఇక్కడ పరీక్షలు ఆలస్యమవుతాయి, ఒక బ్యాచ్‌కి నాలుగేళ్ల చదువు అయిదేళ్లు పట్టింది. ఇద్దరు ప్రొఫెసర్లు రిటైరైతే వాళ్ల కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. హాస్టల్లో నీళ్లు రెండు పూటలే. ఉద్యోగాలిచ్చే కంపెనీలు వస్తాయి, అందర్నీ తీసుకోవు. కానీ ఉన్న ప్రొఫెసర్లు పాఠం చెబుతారు. లైబ్రరీ బాగుంటుంది. ఫీజు మీ నాన్న మోయగలడు. ఇక్కడ నుంచి బయటికెళ్లే ప్రతి పిల్లా, పిల్లాడూ ఇనుము ముక్క పట్టుకుని తన చేత్తో బోల్టు మరలు తీసి వెళ్తారు. అక్కడ అద్దాలున్నాయి, అయిదు నిమిషాల్లో ఇల్లుంది, అమ్మ ఉంది. అవీ చిన్నవి కావు. నేను చెప్పను. నువ్వే తేల్చుకో.

అత్త

*

జులై 9

అత్తా,

మీ దాంట్లోనే చేరుతున్నాను. ఇవాళ డబ్బు కట్టి రసీదు తీసుకున్నాం.

అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నిన్న మాట్లాడింది, నా పెట్టెలో ఏమేం సర్దాలో చెప్పడానికి. నాన్న ప్రైవేటు ఫారాన్ని చింపలేదు, వెనక వైపు తెల్లగా ఉందని పనికి కావలసిన సామాను జాబితా రాసుకున్నాడు.

నీ కోసం వస్తున్నానని మాత్రం అనుకోకు. నీ మీద జాలితో నాలుగేళ్లు ఎవరు చదువుతారు. ఆ ఇరవై మిషన్ల మధ్య గీతకి ఇవతల నిలబడి ఉన్న ఆ అమ్మాయి మొహం నన్ను వదలడం లేదు. నేనూ నాలుగేళ్లు అలా నిలబడి, గోడ మీద ఫొటోలో నవ్వగలనేమో. నవ్వుతానేమోనని భయం.

నీ నిక్కచ్చి

*

ఆగస్టు 23

అత్తా,

హాస్టల్ నుంచి రాస్తున్నాను. నీ క్వార్టర్స్ ఇక్కడి నుంచి పది నిమిషాల నడక. అయినా ఇది కూర్చుని మాట్లాడితే సరిగ్గా చెప్పలేను, కాగితమే నయం.

నిన్న స్టోర్స్ కిటికీ దగ్గర అందరితో పాటు నాకూ ఆకురాయీ, కొలిచే వెర్నియరూ ఇచ్చి సంతకం పెట్టించుకున్నావు, తెలియనట్టే ఉన్నావు. మంచిపనే చేశావు. నేనూ ఎవరికీ చెప్పలేదు. కానీ ఇవాళ చెప్పాల్సొచ్చింది.

డ్రాయింగ్ హాల్లో నా పక్క బల్ల దగ్గరికి ఒక సీనియర్ వచ్చి కూర్చుంది. నాలుగో సంవత్సరం. చెయ్యి చూడగానే తెలిసింది. స్కేలు కుడిచేత్తో అదిమితే జారిపోతోంది. రెండుసార్లు గీత వంకర పోయింది. "పట్టుకోనా" అన్నాను. "పట్టుకో" అంది. నేను అదిమి పట్టుకుంటే తను ఎడమచేత్తో గీసింది. సన్నగా, ఒకే మందంలో. అలా ముప్పై గీతలు గీశాక ఎక్కడి నుంచొచ్చావంది. చెప్పాను. ఇక్కడ ఎవరైనా ఉన్నారా అంది. అబద్ధం చెబుదామా అనుకున్నాను. ఇన్నాళ్లూ మనింట్లో దాచిన మాటలు చాలు అనిపించింది. "స్టోర్స్‌లో ఉండే మేడమ్ మా మేనత్త" అన్నాను.

పెన్సిలు ఆపేసింది. స్కేలు మీద నుంచి నా చెయ్యి తీసేయనా వద్దా అని నాకు తెలీలేదు. "పట్టుకో, ఇంకా అయిపోలేదు" అంది. మిగతాది గీసింది. బొమ్మ చుట్టేటప్పుడు మాట్లాడింది.

మూడో సంవత్సరం ప్రాక్టికల్ తనకి ఇంకా పూర్తి కాలేదట. ఫిబ్రవరిలో బిగించిన ఆ జాబ్ సగంలో ఆగింది కదా. జాలిపడి మార్కులు వేసేస్తామన్నారట ఆఫీసు వాళ్లు. తను వద్దందట. నాలుగో నంబరుకి కొత్త బటన్ పెట్టి మొన్న సీలు తీశారు, నీకూ తెలిసే ఉంటుంది. ఆ మిషన్ మీదే, ఎడమచేత్తో, తనే పూర్తి చేస్తుందట. కొత్త ఇన్‌స్ట్రక్టర్ సరేనన్నాడట.

"మీ అత్తకి ఒక మాట చెప్పు" అంది. చెప్పమన్నది చెప్పినట్టే రాస్తున్నాను.

"శుక్రవారం రెండింటికి స్టోర్స్ మూసేసి షాపులోకి రమ్మను. నాకు ఎదురుగా నిలబడమను. అయ్యేదాకా నా మొహమే చూస్తూ ఉండమను."

నువ్వొస్తావని నేను చెప్పలేదు. ఏం చెప్పమంటావు?

నీ మేనకోడలు